ఫోటోలో చేరిన రంగు ఛాయను హిస్టోగ్రామ్‌తో పట్టుకుని సరిచేయడం ఎలా?

పెళ్లి ఫోటోలో తెల్ల పంచె పసుపుగా ఎందుకు వచ్చింది? పచ్చికలో కూర్చున్న పాప గడ్డం కింద ఆకుపచ్చ ఎక్కడిది? కంప్యూటర్లో బాగానే ఉన్న ఫోటో ప్రింటు వేయిస్తే నీలంగా ఎందుకు మారింది? పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్నవి ఈ ప్రశ్నలే. వీటికి కంటితో జవాబు వెతకడం కష్టం. పసుపు వెలుగులో కాసేపు ఉంటే చాలు, ఆ వెలుగు పడ్డ కాగితాన్ని మెదడు తెల్లదిగానే లెక్క కడుతుంది. ఫోటోలో ఏ వెలుగు మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో గీతగా చూపే హిస్టోగ్రామ్‌కు ఆ అలవాటు లేదు.

అయితే మొత్తం ఫోటో హిస్టోగ్రామ్‌ను ఒకసారి చూసి ఛాయ ఉందో లేదో తేల్చేయలేం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం శిఖరాలు విడివిడిగా కనిపిస్తే ఛాయ ఉన్నట్టేనని చాలామంది చెబుతుంటారు. ఆ లెక్కన వరి పొలం ఫోటోలన్నీ తప్పే కావాలి. పొలంలో ఆకుపచ్చ పక్కకు జరగడం దాని సహజ గుణం. అందుకే ఫోటోలో అసలు రంగే ఉండకూడని చోటును వెతికి, ఆ చోటు హిస్టోగ్రామ్‌ను మాత్రమే చూడాలి. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఒక్క పనిని సరిగ్గా చేయడానికే.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఈ పనికి కంప్యూటర్ ఉంటే మంచిది. ఉచితంగా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్ సరిపోతుంది. ఫోటోషాప్ ఉన్నవారు అందులోనే చేసుకోవచ్చు. ఫోనులో కూడా కొంతవరకు సాధ్యమే గానీ, చిన్న చోటును ఎంచుకుని దాని హిస్టోగ్రామ్ చూసే వీలు చాలా ఫోన్ యాప్‌లలో ఉండదు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- కంప్యూటర్‌లో, ఫోనులో నైట్ మోడ్, కంటికి హాయినిచ్చే పసుపు తెర లాంటి సెట్టింగులు ఆపేయండి.
- ఫిల్టర్ వేసిన ప్రతిని, వాట్సాప్‌లో వచ్చిన ప్రతిని పక్కన పెట్టి, కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైలు తీసుకోండి.
- రా ఫైలు (కెమెరా రంగులు సర్దకుండా ఉంచిన ముడి ఫైలు) ఉంటే దాన్నే తెరవండి. జేపెగ్ ఒక్కటే ఉంటే నకలు తీసి నకలు మీద పని చేయండి.
- కాంట్రాస్ట్, సాచురేషన్ ఇంకా ముట్టుకోవద్దు. అవి ఛాయను కూడా పెంచుతాయి. ఛాయ తీసిన తర్వాతే వాటి వంతు.

2. హిస్టోగ్రామ్‌లో ఏమి చూడాలి

అడ్డంగా 0 నుంచి 255 వరకు వెలుగు మెట్లు. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. నిలువుగా, ఆ మెట్టు మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నది. ఇది అందరికీ తెలిసిందే.

మనకు కావలసింది తెల్లగా ఒకే ముద్దలా కనిపించే హిస్టోగ్రామ్ కాదు. అది మొత్తం వెలుగును కలిపి చూపుతుంది కాబట్టి ఛాయను దాచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లు మూడూ వేర్వేరుగా కనిపించే హిస్టోగ్రామ్ తెరవండి.

తెలుపు, బూడిద, నలుపు ఉన్న చోట ఈ మూడు అంకెలూ సమానంగా ఉండాలి. సమానంగా లేకపోతే ఇలా చదవండి:

- ఎరుపు ఎక్కువ: ఎరుపు ఛాయ. విరుగుడు సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు).
- ఆకుపచ్చ ఎక్కువ: ఆకుపచ్చ ఛాయ. విరుగుడు మెజెంటా (ఎరుపు, నీలం కలిసిన ముదురు గులాబీ).
- నీలం ఎక్కువ: నీలి ఛాయ. విరుగుడు పసుపు.
- నీలం తక్కువ, మిగతా రెండూ దాదాపు సమానం: పసుపు ఛాయ. విరుగుడు నీలం.
- ఆకుపచ్చ తక్కువ, మిగతా రెండూ దాదాపు సమానం: మెజెంటా ఛాయ. విరుగుడు ఆకుపచ్చ.
- ఎరుపు తక్కువ, మిగతా రెండూ దాదాపు సమానం: సయాన్ ఛాయ. విరుగుడు ఎరుపు.

మూడింటి మధ్య తేడా 4, 5 మెట్లలోపు ఉంటే నేను వదిలేస్తాను. 10 దాటితే, ముఖ్యంగా మధ్యస్థమైన బూడిద రంగులో, కాస్త అనుభవం ఉన్న కంటికి తెలిసిపోతుంది.

3. రంగు లేని చోటును వెతకడం

మొత్తం పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తొందరపడకండి.

తెల్లగా కనిపించేదల్లా రంగు లేనిది కాదు. మన ఇళ్లలో తెల్ల పంచెలను, చొక్కాలను నీలిమందు కలిపిన నీళ్లలో జాడించడం మామూలే. ఆ బట్టలో నిజంగానే నీలం ఉంటుంది. దాన్ని ప్రమాణంగా తీసుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని ఛాయ అనుకుని తీసేస్తుంది, ఫోటో అంతా పసుపుకు తిరుగుతుంది. సున్నంలో నీలిమందు కలిపి వేసిన గోడలదీ ఇదే కథ. ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితానికి మెరుపు కోసం కలిపే రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడగానే నీలంగా వెలుగుతాయి. కాబట్టి అది ఇంట్లో ఒకలా, ఎండలో ఒకలా కొలతనిస్తుంది.

మరికొన్నింటిని కూడా నమ్మవద్దు. మల్లెపూలలో మీగడ రంగు ఉంటుంది. పళ్లలో పసుపు, కంటి తెల్లగుడ్డులో ఎరుపు ఉంటాయి. టెంటు హౌసు నుంచి వచ్చే తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు పాతబడితే పసుపుబారతాయి. స్టీలు గిన్నె తన రంగు చూపదు, ఎదురుగా ఉన్న చీర రంగు చూపుతుంది.

మరి దేన్ని నమ్మాలి? నా వరుస ఇది:

- గ్రే కార్డు (కొలత కోసమే చేసిన, ఏ రంగూ కలవని బూడిద అట్ట) ఫోటోలో ఉంటే ఇక వేరే వెతుకులాట అక్కర్లేదు.
- రంగు వేయని సిమెంటు స్తంభం, మెట్టు, గచ్చు.
- వెలిసిన తారు రోడ్డు. దాని మీద నీలాకాశం ప్రతిఫలించే నీడ పడి ఉండకూడదు.
- నుదుటి మీద మందంగా పెట్టిన విభూతి. పలుచగా ఉంటే చర్మం రంగు కలిసిపోతుంది.
- బూడిద రంగు కెమెరా సంచి, ట్రైపాడ్ కాలు లాంటివి.

చోటు దొరికాక ఈ మూడు పరీక్షలు పెట్టండి:

- ముఖం మీద పడిన వెలుగే దాని మీదా పడుతోందా? ముఖం షామియానా కింద, స్తంభం బయట ఎండలో ఉంటే ఆ స్తంభం పనికిరాదు.
- మూడు ఛానెళ్ల అంకెలూ సుమారు 80 నుంచి 220 మధ్య ఉన్నాయా? మూడూ 255 తాకిన తెలుపు ఏ వెలుగులోనైనా సమానంగానే కనిపిస్తుంది, దానితో ఏమీ తేలదు. బాగా చీకటి చోట నాయిస్ (గింజల్లా కనిపించే మచ్చలు) లెక్క తప్పిస్తుంది.
- పక్కన గాఢమైన రంగు ఉందా? ఎర్ర పట్టుచీర పక్కన ఉన్న తెల్ల గోడ ఎర్రబడుతుంది.

4. ఆ చోటును కొలవడం

గింప్‌లో వరుస ఇది:

1. విండోస్ మెనూలో డాకబుల్ డైలాగ్స్ కింద హిస్టోగ్రామ్ తెరవండి.
2. దీర్ఘచతురస్రపు సెలెక్షన్ టూల్‌తో రంగు లేని చోటును మాత్రమే ఎంచుకోండి. అంచులు, మరకలు, నీడ గీతలు లోపలికి రానివ్వవద్దు.
3. హిస్టోగ్రామ్ ఇప్పుడు ఆ ముక్కకే పరిమితమవుతుంది. ఛానెల్ జాబితాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా ఎంచి, కింద కనిపించే మీన్ (సగటు) విలువను కాగితం మీద రాసుకోండి.
4. శిఖరం సన్నగా ఒక్కటే ఉందో లేదో చూడండి. వెడల్పుగానో, రెండుగా చీలినట్టో ఉంటే ఆ చోటులో రెండు వెలుగులో రెండు రంగులో కలిశాయి. ఇంకా చిన్న ముక్క తీసుకోండి.
5. సెలెక్షన్ తీసేయండి. ఇది మరిచిపోతే తర్వాత చేసే సవరణ అంతా ఆ చిన్న ముక్కకే పడుతుంది. “స్లయిడర్ జరిపినా ఏమీ మారడం లేదు” అని రాసేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతున్నారు.

ఫోటోషాప్‌లోనూ దారి ఇదే. హిస్టోగ్రామ్ ప్యానెల్‌ను అన్ని ఛానెళ్లూ కనిపించేలా మార్చుకుంటే చాలు. లైట్‌రూమ్‌లో ముక్కను ఎంచుకునే వీలు లేదు. బదులుగా డెవలప్‌లో మౌస్‌ను ఆ చోటు మీద ఉంచితే హిస్టోగ్రామ్ కింద మూడు ఛానెళ్ల శాతాలు కనిపిస్తాయి. వాటినే పోల్చండి.

5. అంకెలను చదివి సరిచేయడం

పసుపు గుడ్డ కట్టిన పందిరి కింద తీసిన ఫోటోలో, సిమెంటు స్తంభం మీద ఎరుపు 168, ఆకుపచ్చ 150, నీలం 112 వచ్చాయనుకోండి.

మొదట ఎరుపును నీలంతో పోల్చండి. తేడా 56. ఎరుపు వైపు ఇంత మొగ్గు ఉంటే వెలుగు బాగా వెచ్చగా ఉన్నట్టు. దీన్ని సరిచేసేది టెంపరేచర్ స్లయిడర్.

తర్వాత ఆ రెండింటి సగటు తీసి, దానితో ఆకుపచ్చను పోల్చండి. సగటు 140, ఆకుపచ్చ 150. అంటే పసుపు వెనక కొద్దిగా ఆకుపచ్చ కూడా దాగి ఉంది. దీన్ని సరిచేసేది టింట్ స్లయిడర్.

ఈ వరుస మార్చవద్దు. టెంపరేచర్‌ను నీలం వైపు జరుపుతూ ఎరుపు, నీలం అంకెలు కలిసే దాకా తీసుకెళ్లండి. ఆ తర్వాతే టింట్‌ను మెజెంటా వైపు జరపండి. టింట్‌తో మొదలుపెట్టినవారు రెండు స్లయిడర్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చాలా సమయం పోగొట్టుకుంటారు.

జేపెగ్ మీద గింప్‌లో చేస్తుంటే లెవెల్స్ తెరిచి, మూడు డ్రాపర్లలో మధ్యదాన్ని, అంటే బూడిద రంగుకు ఉద్దేశించినదాన్ని, ఆ స్తంభం మీద నొక్కితే తొలి సవరణ జరిగిపోతుంది. అక్కడితో పని అయిపోయిందనుకోవద్దు. మళ్లీ కొలవండి, తేడా 5లోపు వచ్చిందో లేదో చూడండి. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్) డ్రాపర్ ఇదే పనిని ఇంకా శుభ్రంగా చేస్తుంది. ఎందుకంటే అందులో వైట్ బ్యాలెన్స్ ఇంకా ఫైలులో కలిసిపోలేదు. పసుపు బల్బు కింద తీసిన జేపెగ్‌లో నీలం ఛానెల్ అప్పటికే అణగారి ఉంటుంది, దాన్ని బలవంతంగా పెంచితే మచ్చలు మచ్చలుగా నాయిస్ పైకి తేలుతుంది.

6. నీడల్లో, వెలుగుల్లో మళ్లీ తనిఖీ

మధ్యస్థ బూడిద సరిపోయినంత మాత్రాన ఫోటో అంతా సరిపోయినట్టు కాదు. ఇంకో రెండు చోట్ల కొలవండి: నల్లటి జుట్టు లేదా నల్ల బూటు ఒకటి, 255 తాకని తెలుపు ఒకటి.

పై ఫోటోలో సవరణ తర్వాత జుట్టు మీద ఎరుపు 34, ఆకుపచ్చ 34, నీలం 47 వచ్చిందనుకోండి. జుట్టుకు నీలం ఎక్కింది. జుట్టు మీద పడిన వెలుగు పందిరి గుడ్డ గుండా వచ్చింది కాదు, తెరిచి ఉన్న పక్క నుంచి ఆకాశం ఇచ్చింది. గింప్ కలర్ బ్యాలెన్స్‌లో షాడోస్ ఎంచి, నీలం స్లయిడర్‌ను పసుపు వైపు కొద్దిగా లాగితే ఇది పోతుంది. మిడ్‌టోన్స్‌ను (మధ్యస్థ వెలుగులను) ముట్టుకోవద్దు, అవి ఇప్పటికే సరిగ్గా ఉన్నాయి.

7. రంగు లేని చోటే దొరకకపోతే

ముఖం దగ్గరగా తీసిన ఫోటోల్లో ఇది తరచూ ఎదురవుతుంది. అప్పుడు చర్మమే ఆధారం. మామూలు వెలుగులో మనిషి చర్మం నలుపైనా, చామనఛాయైనా, తెలుపైనా ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం. ఈ వరుస తప్పదు. మేకప్, లిప్‌స్టిక్, పసుపు పూసిన చెంపలు వదిలేసి నుదురో మెడో ఎంచుకుని కొలవండి.

- నీలం, ఆకుపచ్చను దాటితే: నీలి లేదా మెజెంటా ఛాయ.
- ఆకుపచ్చ వెళ్లి ఎరుపును తాకబోతుంటే: ఆకుపచ్చ లేదా పసుపు ఛాయ.
- నీలం మిగతా రెండింటికన్నా మరీ కింద పడిపోతే: పసుపు బల్బు వెలుగు.

చర్మం వరుసను మాత్రమే చెబుతుంది, కచ్చితమైన అంకెను చెప్పదు. ఇక్కడే ఇంకో మాట. ఛాయ తీయడం పేరుతో పెళ్లికూతురి చామనఛాయను గులాబీ తెలుపుగా మార్చే స్టూడియోలు తక్కువేమీ కావు. అది రంగు సవరణ కిందికి రాదు. ఆల్బమ్‌లో ముఖం తెల్లబడి, పక్కనే చేతులు అసలు రంగులో మిగిలితే చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది కూడా.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి పరిష్కారాలు

*ఒకే ఫోటోలో రెండు వెలుగులు.* కిటికీ దగ్గర నీలం, ట్యూబులైటు కింద ఆకుపచ్చ, బల్బు దగ్గర పసుపు. రెండు చోట్ల కొలిస్తే రెండు వేర్వేరు జవాబులు వస్తాయి. మొత్తం ఫోటోకు ఒకే సవరణ వేస్తే ఒకటి సరై ఇంకోటి చెడుతుంది. ముఖం ఉన్న వెలుగుకు సరిచేసి, మిగతా భాగాన్ని మాస్కుతో (సవరణ ఎంచుకున్న చోటుకే పడేలా చేసే పొరతో) విడిగా దిద్దండి. తీసేటప్పుడే ఒక లైటు ఆపగలిగితే ఈ శ్రమ ఉండదు.

*గడ్డం కింద ఆకుపచ్చ.* పచ్చిక మీద పడిన ఎండ పైకి తిరిగి వచ్చి ముఖం కింది భాగాన్ని తాకుతుంది. ఇది మొత్తం ఫోటో జబ్బు కాదు. మొత్తానికి మెజెంటా పెంచితే చొక్కా గులాబీ అవుతుంది. గడ్డం, మెడ వరకే మాస్కు వేసి ఆకుపచ్చను తగ్గించండి.

*బంతిపూలు నిమ్మపసుపుగా మారడం.* దీన్ని ఛాయ అనుకుని వైట్ బ్యాలెన్స్ మారుస్తుంటారు. అసలు కారణం వేరు. నారింజ రంగు బంతిదండ మీద ఎండ పడితే ఎరుపు ఛానెల్ ముందుగా 255కి వెళ్లి ఆగిపోతుంది, ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎరుపు నిలిచి ఆకుపచ్చ పెరిగితే నారింజ పసుపవుతుంది. కలిపి చూపే హిస్టోగ్రామ్‌లో కుడి పక్క ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, ఎరుపు ఛానెల్ విడిగా చూస్తేనే కుడి గోడకు గుద్దుకున్న గీత బయటపడుతుంది. ఎర్ర పట్టుచీరల మడతలు చెరిగిపోయి ముద్దగా కనిపించేదీ ఇందుకే. మందు ఎక్స్‌పోజర్ తగ్గించడమే. రా ఫైలయితే కొంత వెనక్కి తేవచ్చు, జేపెగ్‌లో పోయింది పోయినట్టే.

*హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా మారడం.* 8 బిట్ల జేపెగ్‌ను బాగా లాగితే మెట్ల మధ్య ఖాళీలు పడతాయి. ఆకాశంలోనో గోడ మీదో చారలు కనిపించనంత వరకు దీని గురించి కంగారు అవసరం లేదు.

*ఆటో బటన్ నొక్కేయడం.* చాలా ఆటో సవరణలు మూడు ఛానెళ్లను విడివిడిగా రెండు చివరలకు సాగదీస్తాయి. సూర్యాస్తమయం ఫోటో దీనితో మధ్యాహ్నంలా తయారవుతుంది. గోదావరి గట్టున పొద్దుగుంకే వేళ తీసిన ఫోటోలో, దీపారాధన ఫోటోలో నీలం తక్కువగానే ఉండాలి. అక్కడ మొత్తం తేడాను తీసేయవద్దు. నేనైతే సగం తీసి ఆగుతాను.

9. పాత ఆల్బమ్ ప్రింట్లు

ఇందాక వద్దన్న సాగదీత ఇక్కడ మాత్రం అక్కరకొస్తుంది.

70లు, 80ల నాటి చాలా కలర్ ప్రింట్లలో సయాన్ రంగు ముందు వెలిసిపోయి, ఫోటో అంతా ఎర్రగా మిగిలింది. సయాన్ పనే ఎర్ర వెలుగును ఆపడం. అది పోయాక నల్లగా ఉండవలసిన చోట్ల కూడా ఎరుపు తిరిగి వస్తుంది. స్కాన్ చేసి హిస్టోగ్రామ్ చూస్తే ఆకుపచ్చ, నీలం ఎడమ వైపు 20 దగ్గర మొదలైతే, ఎరుపు ఏ 60 దగ్గరో మొదలవుతుంది.

1. స్కానర్‌లో ఆటో కలర్ సవరణ ఆపేయండి. వీలుంటే ఛానెల్‌కు 16 బిట్లతో స్కాన్ చేయండి.
2. స్కాన్ చేసిన ఫైలులో ప్రింటు చుట్టూ కనిపించే తెల్ల అంచును క్రాప్ చేసి తీసేయండి. అది ఉంటే హిస్టోగ్రామ్ కుడి చివర అబద్ధం చెబుతుంది.
3. లెవెల్స్‌లో ఎరుపు ఛానెల్ ఎంచి, ఎడమ త్రికోణాన్ని గీత మొదలయ్యే చోటుకు, కుడి త్రికోణాన్ని గీత ముగిసే చోటుకు తీసుకురండి.
4. ఆకుపచ్చకు, నీలానికి ఇదే చేయండి.
5. మధ్య త్రికోణాలను చివర ముట్టుకోండి. చర్మం వరుస సరిపోయే దాకా కొద్దికొద్దిగా జరపండి.

వెలుగు పడి వెలిసిన ప్రింటు, పెట్టెలో ఉండి వెలిసిన ప్రింటు ఒకేలా పాడవవు. కాబట్టి ఒక ఫోటోకు కుదిరిన అంకెలను ఆల్బమ్ మొత్తానికి వేయకండి.

10. తీసేటప్పుడే చేసుకోగలిగినవి

కెమెరాలో ఫోటో చూస్తున్నప్పుడు ఇన్ఫో బటన్ నొక్కుతూ పోతే చాలా మోడళ్లలో మూడు ఛానెళ్ల హిస్టోగ్రామ్ వస్తుంది. రా ఫైలు తీస్తున్నా సరే, కెమెరా తెర మీద కనిపించే ఆ గీతలు లోపల తయారైన జేపెగ్‌వి. మీరు పెట్టిన వైట్ బ్యాలెన్స్, పిక్చర్ స్టైల్ వాటిని మారుస్తాయి.

- వెలుగు మారిన ప్రతిసారీ మొదటి ఫోటో గ్రే కార్డుదే తీయండి. కార్డును ముఖం ఉండే చోట పట్టుకోమనండి.
- కార్డు ఫ్రేమును నింపాలి. మూడు శిఖరాలు ఒకే నిలువు గీత మీదకు రాకపోతే ఆ ఫోటోతోనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టండి.
- ఆటో వైట్ బ్యాలెన్స్‌తో వరుస ఫోటోలు తీస్తే ఒక్కో ఫోటోలో ఒక్కో ఛాయ రావచ్చు. స్థిరమైన సెట్టింగ్ పెడితే అన్నిటికీ ఒకే తప్పు వస్తుంది. ఒకదాన్ని సరిచేసి ఆ సవరణను మిగతావాటికి అతికించవచ్చు.
- ఫోనులో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ అక్కడ స్థిరం చేయండి. హిస్టోగ్రామ్ కనిపించకపోయినా కార్డు ఫోటో ఒకటి తీసి ఉంచుకోండి, కొలత ఇంటికి వచ్చాక చేసుకోవచ్చు.

మెజెంటా, నీలి ఎల్‌ఈడీలు మాత్రమే వెలిగే రిసెప్షన్ వేదిక మీద కార్డు పట్టినా ఉపయోగం లేదు. కార్డు హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చ ఎడమ గోడకు అతుక్కుపోయి ఉంటే, ఆ వెలుగులో ఆకుపచ్చ అసలు లేదన్నమాట. లేనిదాన్ని ఏ స్లయిడర్ తీసుకురాదు. ఆ ఫోటోను నలుపు తెలుపుకు మార్చండి, లేదా ఆ రంగుల వెలుగును అలాగే ఉంచేయండి.